తీగచుట్ట లేకుండా ఫిల్టర్: యాక్టివ్ ఆర్‌సీ సర్క్యూట్లు ఎలా పుడతాయి

ఎలక్ట్రానిక్స్ చదివే విద్యార్థికి మూడో సంవత్సరంలో ఒక చిక్కు ఎదురవుతుంది. ఒక పేజీలో ఒకే ఆప్-ఆంప్ (సంకేతాన్ని పెంచే ఆపరేషనల్ యాంప్లిఫయర్), రెండు రెసిస్టర్లు, రెండు కెపాసిటర్లతో ఒక ఫిల్టర్ ఉంటుంది. రెండు పేజీలు తిప్పితే మూడు ఆప్-ఆంప్‌లతో మరో ఫిల్టర్ కనిపిస్తుంది. రెండింటికీ రాసిన సమీకరణం ఒక్కటే. ఒక ఆప్-ఆంప్‌తో అయ్యే పనికి మూడు ఎందుకు? రెండూ ఒకే పని చేస్తే పుస్తకంలో రెండూ ఎందుకు? పరీక్షలో ఈ ప్రశ్న రాదు. అందుకే చాలామంది సూత్రాలను కంఠస్థం చేసి ముందుకు సాగిపోతారు. కానీ రెసిస్టర్లు (ఆర్), కెపాసిటర్లు (సీ), యాంప్లిఫయర్లతో కట్టే యాక్టివ్ ఆర్‌సీ సర్క్యూట్ల శాస్త్రమంతా ఆ ప్రశ్నలోనే ఉంది. చిప్ డిజైన్ ఉద్యోగాల గురించి తెలుగు రాష్ట్రాల ఇంజినీరింగ్ కళాశాలల్లో ఇంత చర్చ జరుగుతున్న ఈ రోజుల్లో, దీన్ని మొదటి నుంచి నిదానంగా విప్పి చూడటం అవసరం.

ఫిల్టర్ చేసే పని, దాని చేతిలోని భాగాలు

వేర్వేరు పౌనఃపున్యాలు కలిసి వచ్చే సంకేతంలోంచి కావలసినవాటిని పంపి, అక్కర్లేనివాటిని ఆపేదే ఫిల్టర్. గుండె విద్యుత్ సంకేతాన్ని నమోదు చేసే ఈసీజీ యంత్రంలోకి కరెంటు లైన్ల నుంచి 50 హెర్ట్జ్ రొద చొరబడుతుంది. ఆ రొదను తొలగించి గుండె సంకేతాన్ని మిగల్చడం ఫిల్టర్ పని. టెలిఫోను మాటను 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్యకు కుదించేదీ ఫిల్టరే.

ఫిల్టర్‌కు సంప్రదాయంగా మూడు రకాల భాగాలు ఉండేవి. రెసిస్టర్ శక్తిని వేడిగా ఖర్చు చేస్తుంది. కెపాసిటర్ శక్తిని విద్యుత్ క్షేత్రంలో దాచుకొని తిరిగి ఇస్తుంది. ఇండక్టర్ అంటే తీగచుట్ట. అది శక్తిని అయస్కాంత క్షేత్రంలో దాచుకొని తిరిగి ఇస్తుంది. 1915లో అమెరికాలో జార్జ్ క్యాంప్‌బెల్, జర్మనీలో కార్ల్ విల్లీ వాగ్నర్ విడివిడిగా కనిపెట్టిన తొలి విద్యుత్ తరంగ ఫిల్టర్లు ఇండక్టర్, కెపాసిటర్ల నిచ్చెనలే. ఒకే తీగ మీద అనేక టెలిఫోను సంభాషణలను పంపే వ్యవస్థలు దశాబ్దాల పాటు వాటి మీదే నడిచాయి.

ఇండక్టర్‌తో వచ్చే కష్టం తక్కువ పౌనఃపున్యాల దగ్గర బయటపడుతుంది. ఇండక్టర్, కెపాసిటర్ జంట ఏ పౌనఃపున్యం దగ్గర అనునాదం చెందుతుందో ఆ రెండింటి లబ్ధం నిర్ణయిస్తుంది. పౌనఃపున్యం పదో వంతుకు తగ్గితే లబ్ధం వంద రెట్లు పెరగాలి. 10 నానోఫారడ్ కెపాసిటర్‌తో 1,000 హెర్ట్జ్ దగ్గర అనునాదం కావాలంటే సుమారు 2.53 హెన్రీల చుట్ట కావాలి. 50 హెర్ట్జ్ దగ్గర 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ వాడినా 10 హెన్రీలు కావాలి. ఇనుప గర్భం మీద వేల చుట్లు చుడితే తప్ప అది రాదు. గుండె లయ ఉండే 1 హెర్ట్జ్ దగ్గర అదే కెపాసిటర్‌కు కావలసిన ఇండక్టెన్స్ 25,000 హెన్రీలు దాటుతుంది. అలాంటి చుట్టను తయారు చేయబోయేవారు ఎవరూ లేరు. ఇక చిప్ మీద అయితే హెన్రీలో వెయ్యో వంతు చుట్టకు కూడా చోటు లేదు.

చుట్టను తీసేస్తే పోయేది ఏమిటి?

అయితే చుట్టను వదిలి రెసిస్టర్లు, కెపాసిటర్లతోనే ఫిల్టర్ కట్టకూడదా? కట్టవచ్చు, కానీ దానికి ఒక హద్దు ఉంది. ఆ హద్దు అర్థమైతే మిగతాదంతా దాని నుంచే వస్తుంది.

పిల్లవాడు ఊగుతున్న ఊయలను ఊహించుకోండి. పైకి వెళ్ళినప్పుడు ఎత్తుగా, కిందికి వచ్చినప్పుడు వేగంగా శక్తి రూపం మార్చుకుంటూ ఉంటుంది. ఇండక్టర్, కెపాసిటర్ జంటలో జరిగేదీ ఇదే. శక్తి అయస్కాంత క్షేత్రానికీ విద్యుత్ క్షేత్రానికీ మధ్య ఊగుతుంది. ఈ ఊగడం ఎంత తక్కువ నష్టంతో సాగుతుందో చెప్పే కొలత పేరు క్యూ. క్యూ పెద్దదైతే ఊయల చాలాసేపు ఊగుతుంది, ఫిల్టర్ పదునుగా ఉంటుంది. క్యూ 0.5 దగ్గర గానీ అంతకంటే తక్కువగా గానీ ఉంటే ఊయల ఒక్కసారి కూడా అవతలి వైపుకు వెళ్ళదు. పక్కకు లాగి వదిలితే మెల్లగా మధ్యకు వచ్చి ఆగిపోతుంది, బురదలో ఆడే ఊయలలాగా.

రెసిస్టర్లు, కెపాసిటర్లు మాత్రమే ఉన్న సర్క్యూట్‌లో శక్తి దాచే క్షేత్రం ఒకే రకం. ఒక కెపాసిటర్ నుంచి మరో కెపాసిటర్‌కు శక్తి వెళ్ళాలంటే మధ్యలో రెసిస్టర్‌ను దాటాలి. దాటిన ప్రతిసారీ కొంత వేడిగా పోతుంది. అందువల్ల ఎన్ని రెసిస్టర్లు, ఎన్ని కెపాసిటర్లు ఎలా కలిపినా క్యూ 0.5ను దాటదు. ఇది నైపుణ్యానికి సంబంధించిన విషయం కాదు, గణితం విధించిన గోడ.

దీని ప్రభావం అంకెల్లో చూద్దాం. రెండు సమాన రెసిస్టర్లు, రెండు సమాన కెపాసిటర్లను నిచ్చెనలా కలిపి 1,000 హెర్ట్జ్‌కు పైన ఉన్నవాటిని తగ్గించే ఫిల్టర్ కట్టామనుకుందాం. దాని క్యూ సరిగ్గా మూడో వంతు. 1,000 హెర్ట్జ్ దగ్గర అది సంకేతంలో 33 శాతాన్నే పంపుతుంది. అది సరే, అక్కడ కోత మొదలవ్వాలి కదా అనుకోవచ్చు. కానీ ఏ అడ్డూ లేకుండా దాటవలసిన 500 హెర్ట్జ్ దగ్గర కూడా 60 శాతమే దాటుతుంది. క్యూ 0.707 ఉన్న ఫిల్టర్ అయితే 500 దగ్గర 97 శాతాన్ని, 1,000 దగ్గర 70.7 శాతాన్ని పంపుతుంది. మొదటిది అక్కర్లేనిదాన్ని ఆపే తొందరలో కావలసినదాన్ని కూడా మింగేస్తుంది. రెండోది మాత్రం తన హద్దు దాకా నిటారుగా నిలబడి, ఆ తర్వాతే వంగుతుంది.

మూడు నుంచి తీసివేత: ఊయలకు ఆసరా ఇచ్చే చేయి

బురదలో ఊయల ఊగాలంటే ఎవరో ఒకరు నెట్టాలి. ఆ నెట్టే చేయి యాంప్లిఫయర్. ‘యాక్టివ్’ అనే మాటకు ఇక్కడ అర్థం ఇదే. బయటి విద్యుత్ సరఫరా నుంచి శక్తి తీసుకొని, సంకేతం కోల్పోయినదాన్ని తిరిగి నింపే భాగం సర్క్యూట్‌లో ఉందని.

1954లో లిన్‌విల్ అనే ఇంజినీర్ ఒక మార్గం చూపాడు. రెసిస్టర్ తినే శక్తిని తిరిగి ఇచ్చే ‘రుణ నిరోధం’లా ప్రవర్తించే సర్క్యూట్‌ను ఆర్‌సీ భాగాల మధ్య ఉంచడం ఆ మార్గం. మరుసటి సంవత్సరం, 1955లో, ఎంఐటీ లింకన్ ప్రయోగశాలకు చెందిన సాలెన్, కీ అనే ఇద్దరు ఇంజినీర్లు ఇంకా సరళమైన మార్గాన్ని ప్రచురించారు. అప్పటికి చిప్ మీద ఆప్-ఆంప్ లేదు, వాక్యూమ్ ట్యూబులే ఆధారం. అయినా వారి సర్క్యూట్ ఈనాటికీ ప్రతి ప్రయోగశాలలో కనిపిస్తుంది.

సాలెన్-కీ చేసిన పని ఇంతే. పైన చెప్పిన రెండు మెట్ల ఆర్‌సీ నిచ్చెన చివర ఒక యాంప్లిఫయర్ పెట్టారు. మొదటి మెట్టులోని కెపాసిటర్ రెండో కాలును భూమికి కలపకుండా యాంప్లిఫయర్ అవుట్‌పుట్‌కు కలిపారు. దాంతో అవుట్‌పుట్ ఆ కెపాసిటర్ ద్వారా వెనక్కి వచ్చి సంకేతాన్ని నెడుతుంది. రెసిస్టర్లు సమానం, కెపాసిటర్లు సమానం అయితే వచ్చే సూత్రం ఇది:

1/క్యూ = 3 − గెయిన్

ఈ చిన్న సమీకరణం నాకు చాలా ఇష్టం, ఎందుకంటే కథంతా ఇందులోనే ఉంది. అందులోని 3 బురద. ఆర్‌సీ నిచ్చెన తనంతట తాను కోల్పోయే భాగం అది. అందుకే నెట్టే చేయి లేనప్పుడు క్యూ మూడో వంతు అయింది. గెయిన్, అంటే యాంప్లిఫయర్ సంకేతాన్ని ఎన్ని రెట్లు పెంచుతుందో చెప్పే అంకె, నెట్టే చేయి. గెయిన్ 1 అయితే క్యూ 0.5, గోడ దగ్గరికి వచ్చాం. గెయిన్ 1.586 అయితే క్యూ 0.707. గెయిన్ 2 అయితే క్యూ 1. గెయిన్ 2.9 అయితే క్యూ 10. గెయిన్ 3కు చేరితే తీసివేత సున్నా అవుతుంది. నష్టమంతా పూర్తిగా పూడిపోయి, బయటి సంకేతం ఏమీ లేకపోయినా ఊయల తనంతట తాను ఊగుతూనే ఉంటుంది. అప్పుడది ఫిల్టర్ కాదు, ఆసిలేటర్. పదునైన ఫిల్టర్ కావాలంటే ఆ అంచుకు దగ్గరగా వెళ్ళాలి, కానీ అంచు దాటకూడదు. యాక్టివ్ ఆర్‌సీ డిజైన్‌లోని తగాదాలన్నీ ఆ అంచు దగ్గర ఎలా నిలబడాలన్నదాని గురించే.

గణవిభజన వేరు, సమస్యాపూరణం వేరు

ఇక్కడ రెండు మాటల తేడా తెలుసుకోవాలి. ఇచ్చిన సర్క్యూట్ ఏమి చేస్తుందో లెక్కించడం విశ్లేషణ. కావలసిన ప్రవర్తన చెబితే దానికి తగిన సర్క్యూట్‌ను పుట్టించడం సంశ్లేషణ. మొదటిది ఇచ్చిన పద్యానికి గణవిభజన చేయడం వంటిది. జవాబు ఒక్కటే, తప్పో ఒప్పో తేలిపోతుంది. రెండోది అవధానంలో సమస్యాపూరణం వంటిది. చివరి పాదం ఇస్తారు. దానికి నప్పేలా మిగతా మూడు పాదాలను పది మంది పది రకాలుగా పూరించవచ్చు, అన్నీ ఛందస్సుకు ఒదుగుతాయి. కానీ వాటి బలం మాత్రం ఒక్కటి కాదు.

సంశ్లేషణ రెండు అంచెల్లో జరుగుతుంది. మొదటి అంచె ఉజ్జాయింపు. ‘ఇక్కడి దాకా అంతా దాటాలి, అక్కడి నుంచి అంతా ఆగాలి’ అనే కోరికను ఏ సర్క్యూట్ కూడా అక్షరాలా తీర్చలేదు. నిట్టనిలువు గోడలాంటి కోత అసాధ్యం. కాబట్టి దానికి దగ్గరగా వచ్చే గణిత ప్రమేయాన్ని ఎంచుకోవాలి. దాటవలసిన భాగం వీలైనంత సమతలంగా ఉండాలంటే 1930లో బటర్‌వర్త్ ఇచ్చిన ప్రమేయం ఉంది. అందులో చిన్న అలలను సహిస్తే, అదే స్థాయి సంక్లిష్టతకు ఇంకా నిటారైన కోతనిచ్చే చెబిషెవ్ ప్రమేయం ఉంది. ఆగవలసిన భాగంలోనూ అలలను ఒప్పుకుంటే కావర్ ప్రమేయం ఇంకా నిటారుగా దిగుతుంది. ఈ అంచె చివర మన చేతికి కొన్ని సంఖ్యలు వస్తాయి: ఫలానా పౌనఃపున్యం, ఫలానా క్యూ.

రెండో అంచె, ఆ సంఖ్యలకు సర్క్యూట్ రూపం ఇవ్వడం. వ్యాసం మొదట్లోని ప్రశ్న ఇక్కడిదే.

ఒక ఉదాహరణను చివరి దాకా చేద్దాం

1,000 హెర్ట్జ్ దగ్గర వంగే రెండో అంతస్తు (సెకండ్ ఆర్డర్) బటర్‌వర్త్ ఫిల్టర్ కావాలి. అంటే క్యూ 0.707. గెయిన్ 1 ఉన్న సాలెన్-కీ సర్క్యూట్ తీసుకుందాం. ఇందులో యాంప్లిఫయర్ ఒట్టి ఫాలోయర్, ఇన్‌పుట్‌ను ఉన్నదున్నట్టు అవుట్‌పుట్‌కు అందిస్తుంది. గెయిన్ పెంచే వీలు లేదు కనుక క్యూను కెపాసిటర్ల నిష్పత్తితో తెచ్చుకోవాలి. రెసిస్టర్లు రెండూ సమానమైతే, వెనక్కి కలిపే కెపాసిటర్‌ను భూమికి కలిపే కెపాసిటర్‌తో భాగిస్తే వచ్చే నిష్పత్తి క్యూ వర్గానికి నాలుగు రెట్లు ఉండాలి. క్యూ 0.707 వర్గం 0.5, దానికి నాలుగు రెట్లు 2.

భూమికి కలిపేది 10 నానోఫారడ్ అనుకుంటే వెనక్కి కలిపేది 20 కావాలి. 20 నానోఫారడ్ కెపాసిటర్ దుకాణాల్లో సులువుగా దొరకదు. రెండు 10లను పక్కపక్కన కలిపితే సరిపోతుంది. పైగా ఒకే డబ్బాలోంచి తీసిన మూడు ఒకే రకం కెపాసిటర్లు అయితే వాటి దోషాలు కూడా చాలావరకు ఒకే దిశలో ఉంటాయి, నిష్పత్తి చెదరదు. ఇక రెసిస్టర్. 20, 10ల లబ్ధానికి వర్గమూలం 14.14 నానోఫారడ్. దాన్ని 6.283తోనూ 1,000తోనూ గుణించి, 1ని ఆ ఫలితంతో భాగిస్తే 11,254 ఓమ్‌లు. ఒక శాతం రెసిస్టర్లలో దీనికి దగ్గరిది 11.3 కిలో ఓమ్‌లు. దానితో ఫిల్టర్ వంగే చోటు 996 హెర్ట్జ్. ప్రయోగశాలకు ఇది చాలు.

అదే అంచుకు రెండు దారులు

ఇప్పుడు పదును పెంచుదాం. అదే 1,000 హెర్ట్జ్ దగ్గర క్యూ 10 కావాలి.

మొదటి దారి సమాన భాగాల సాలెన్-కీ. గెయిన్ 2.9 ఉండాలి. ఆప్-ఆంప్ గెయిన్‌ను రెండు రెసిస్టర్ల నిష్పత్తికి ఒకటి కలిపి నిర్ణయిస్తారు కాబట్టి నిష్పత్తి 1.9. రెసిస్టర్లు ఒక శాతం దోషం గలవి అయితే, ఒకటి ఎక్కువ వైపు, మరొకటి తక్కువ వైపు పడ్డప్పుడు నిష్పత్తి సుమారు 1.938కు చేరవచ్చు. గెయిన్ 2.938. మూడు నుంచి తీసివేస్తే మిగిలేది 0.062, అంటే క్యూ 16 దాటింది. దోషాలు వ్యతిరేక దిశలో పడితే క్యూ 7.3కు పడిపోతుంది. ఒక శాతం దోషం ఉన్న మంచి రెసిస్టర్లతోనే ఈ గతి. అయిదు శాతం రెసిస్టర్లు వాడితే నిష్పత్తి 2.1 దాకా పోవచ్చు, గెయిన్ 3ను దాటుతుంది, ఫిల్టర్ అరవడం మొదలుపెడుతుంది. ‘అన్నీ సరిగ్గానే కలిపాను, ఇన్‌పుట్ తీసేసినా తెర మీద తరంగం కనిపిస్తోంది’ అని బ్రెడ్‌బోర్డు ముందు తలపట్టుకునే విద్యార్థికి జవాబు తరచుగా ఇదే. కలపడంలో తప్పు లేదు. ఎంచుకున్న రూపమే ఆ క్యూను మోయలేదు.

ఇలా ఒక భాగం విలువ ఒక శాతం మారితే క్యూ ఎన్ని శాతం మారుతుందో చెప్పే అంకెను సున్నితత్వం అంటారు. ఈ దారిలో గెయిన్ విషయంలో సున్నితత్వం క్యూకు మూడు రెట్లలోంచి ఒకటి తీసివేసినంత. క్యూ 10 అయితే 29. ఫిల్టర్ ఎంత పదునైతే అంత పెళుసు.

రెండో దారి, గెయిన్ 1 సాలెన్-కీ. కెపాసిటర్ల నిష్పత్తి క్యూ వర్గానికి నాలుగు రెట్లు, అంటే 400. ఒకటి 1 నానోఫారడ్ అయితే మరొకటి 400. రెసిస్టర్లు సుమారు 7,960 ఓమ్‌లు. కెపాసిటర్ ఒక శాతం మారితే క్యూ అర శాతమే మారుతుంది. 29 ఎక్కడ, అర ఎక్కడ! చూడగానే ఇదే గెలిచిందనిపిస్తుంది. కానీ ఇక్కడ కూడా అంచు ఉంది, చోటు మారిందంతే. క్యూ ఇంత నిలకడగా ఉన్నది ఫాలోయర్ గెయిన్ కచ్చితంగా 1 అనే నమ్మకం మీద. అది 0.999కు, అంటే వెయ్యిలో ఒక వంతు, తగ్గితే క్యూ 10 నుంచి 8.3కు దిగుతుంది. తక్కువ పౌనఃపున్యాల దగ్గర ఫాలోయర్ ఆ కచ్చితత్వాన్ని హాయిగా నిలబెట్టుకుంటుంది. పౌనఃపున్యం పెరిగే కొద్దీ ఆప్-ఆంప్ శక్తి సన్నగిల్లుతుంది. పైగా చిప్ మీద 1కి 400 నిష్పత్తిలో కెపాసిటర్లు వేయడం అంటే ఒకే కెపాసిటర్‌కు స్థలమంతా ధారపోయడమే.

చిన్న క్యూలకు, సుమారు 2 లేదా 3 దాకా, ఈ రెండు దారులూ బాగానే నడుస్తాయి. అంతకు మించితే మూడు ఆప్-ఆంప్‌ల కథ మొదలవుతుంది.

మూడు ఆప్-ఆంప్‌లు ఎందుకు?

1967లో కెర్విన్, హ్యూల్స్‌మన్, న్యూకోంబ్ ఒక కొత్త నిర్మాణాన్ని ప్రకటించారు. 1968లో టో, 1971లో థామస్ దానికి దగ్గరి మరో రూపాన్ని ఇచ్చారు. వీరి ఆలోచన వేరు. ఆర్‌సీ నిచ్చెనను నెట్టి బాగుచేయడానికి బదులు, ఊయల చలనాన్ని వర్ణించే సమీకరణాన్నే నేరుగా కట్టేశారు. రెండు ఇంటిగ్రేటర్లు (వచ్చే సంకేతాన్ని కాలంతో పాటు కూడబెట్టే సర్క్యూట్లు), గుర్తు మార్చడానికి ఒక ఇన్వర్టర్, అన్నీ ఒక వలయంలో. ఒక ఇంటిగ్రేటర్ ఊయల వేగం పాత్ర, రెండోది స్థానం పాత్ర పోషిస్తాయి.

ఈ వలయంలో నష్టాన్ని ఒక ప్రత్యేక రెసిస్టర్ విడిగా నిర్ణయిస్తుంది. 10 నానోఫారడ్ కెపాసిటర్లు, 15.9 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు పెడితే 1,000 హెర్ట్జ్ వస్తుంది. క్యూ 10 కావాలంటే ఆ ప్రత్యేక రెసిస్టర్ పది రెట్లు, 159 కిలో ఓమ్‌లు. దగ్గరగా ఉన్న రెండు పెద్ద సంఖ్యల తీసివేత ఇక్కడ లేదు. క్యూ ఒక సూటి నిష్పత్తి. ఒక శాతం భాగాలతో క్యూ రెండు మూడు శాతం అటూ ఇటూ అవుతుంది, అంతే. పౌనఃపున్యాన్ని కదపకుండా ఆ ఒక్క రెసిస్టర్‌తో క్యూను సవరించుకోవచ్చు. ఒకే వలయంలోంచి రెండు రకాల అవుట్‌పుట్లు కూడా తీసుకోవచ్చు. మొదటి ప్రశ్నకు జవాబు ఇది: అదనపు రెండు ఆప్-ఆంప్‌లు కొనిపెట్టేది నిలకడ.

కానీ ఆప్-ఆంప్ కూడా ఆదర్శ యంత్రం కాదు. 1968లో వచ్చిన 741 వంటి ఆప్-ఆంప్‌ను తీసుకుంటే, దాని గెయిన్, పౌనఃపున్యాల లబ్ధం సుమారు 10 లక్షల హెర్ట్జ్. వలయంలోని ప్రతి ఆప్-ఆంప్ సంకేతాన్ని కొంచెం ఆలస్యం చేస్తుంది. ఒక్కొక్క ఇంటిగ్రేటర్ ఒక వంతు, ఇన్వర్టర్ రెండు వంతులు, మొత్తం నాలుగు వంతుల ఆలస్యం. ఆలస్యంగా వచ్చిన తోపు ఊయలకు అదనపు ఊపు అవుతుంది. లెక్క ఇలా ఉంటుంది: అసలు క్యూ విలోమంలోంచి, ఫిల్టర్ పౌనఃపున్యాన్ని ఆప్-ఆంప్ లబ్ధంతో భాగించి నాలుగు రెట్లు చేసిన మొత్తాన్ని తీసివేయాలి. 1,000 హెర్ట్జ్ దగ్గర 0.1 లోంచి 0.004 పోతుంది, క్యూ 10.4 అవుతుంది. పట్టించుకోనక్కర్లేదు. అదే సర్క్యూట్‌ను 10,000 హెర్ట్జ్‌కు మార్చితే 0.1 లోంచి 0.04 పోతుంది, క్యూ 16.7. అక్కడే క్యూ 25 కావాలనుకుంటే తీసివేత సున్నా, ఆసిలేటరే. కాగితం మీద భాగాల దోషాలకు ఎంతో నిబ్బరంగా నిలిచిన నిర్మాణం యాంప్లిఫయర్ వేగం ముందు బలహీనపడింది.

అందుకే ‘ఏ సర్క్యూట్ మంచిది’ అనే ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పేవారిని నేను నమ్మను. దోషం ఎక్కడి నుంచి వస్తోంది, రెసిస్టర్ నుంచా, కెపాసిటర్ నిష్పత్తి నుంచా, యాంప్లిఫయర్ వేగం నుంచా అన్నది ముందుగా తెలియాలి.

పెద్ద ఫిల్టర్లు: గొలుసా, నిచ్చెనా?

కోత ఇంకా నిటారుగా కావాలంటే అంతస్తులు పెంచాలి. అయిదో అంతస్తు బటర్‌వర్త్‌కు ఒక సాదా ఆర్‌సీ మెట్టు, 0.618 క్యూ గల ఒక ముక్క, 1.618 క్యూ గల మరో ముక్క కావాలి. (స్వర్ణ నిష్పత్తి ఇక్కడ కూడా తలెత్తడం చూస్తే ముచ్చటేస్తుంది.) ఒక డెసిబెల్ అలను సహించే చెబిషెవ్‌కు అదే అంతస్తులో క్యూలు సుమారు 1.4, 5.6.

ఈ ముక్కలను విడివిడిగా కట్టి ఒకదాని వెనక ఒకటి కలపడం గొలుసు పద్ధతి. ప్రతి ముక్కనూ విడిగా పరీక్షించవచ్చు, సవరించవచ్చు. ఎక్కువ మంది ఇంజినీర్లు దీన్నే వాడతారు. దీనికి ఎదురు వాదన 1966లో ఆర్చర్డ్ అనే ఇంజినీర్ నుంచి వచ్చింది. రెండు చివరలా రెసిస్టర్లు ఉన్న పాత ఇండక్టర్-కెపాసిటర్ నిచ్చెనలు భాగాల దోషాలను ఎందుకంత బాగా తట్టుకుంటాయో ఆయన ఎత్తిచూపాడు. కారణం చాలా అందమైనది. అలాంటి నిచ్చెన కొన్ని పౌనఃపున్యాల దగ్గర సాధ్యమైనంత గరిష్ఠ శక్తిని అవతలికి పంపుతుంది. గరిష్ఠం మీద ఉన్నప్పుడు ఏ భాగం ఎటు మారినా శక్తి పెరగలేదు, తగ్గగలదంతే. గుట్ట శిఖరం మీద నిలబడ్డవాడు ఎటు అడుగు వేసినా కిందికే, కానీ శిఖరం దగ్గర నేల దాదాపు చదునే. అంటే చిన్న దోషాలకు తేడా దాదాపు సున్నా.

గొలుసులో ఈ రక్షణ ఉండదు. ఒక ముక్క చెదిరితే మిగతా ముక్కలు దాన్ని సర్దవు. కాబట్టి నిచ్చెనను ఉన్నదున్నట్టు ఉంచి, అందులోని ఇండక్టర్లను మాత్రం సర్క్యూట్లతో అనుకరించాలన్నది రెండో బడి వాదన. 1969లో ఆంటోనియు చూపిన సర్క్యూట్ రెండు ఆప్-ఆంప్‌లు, నాలుగు రెసిస్టర్లు, ఒక కెపాసిటర్‌తో ఇండక్టర్‌ను నటిస్తుంది. రెసిస్టర్లన్నీ 10 కిలో ఓమ్‌లు, కెపాసిటర్ 10 నానోఫారడ్ అయితే బయటికి సరిగ్గా 1 హెన్రీగా కనిపిస్తుంది. వేల చుట్ల ఇనుప గర్భం స్థానంలో గోరంత చిప్, పిడికెడు భాగాలు. అయితే ఆ ఇండక్టర్ ఒక కొస భూమికి కలిసి ఉంటేనే ఇది సులువు. గాలిలో తేలే ఇండక్టర్లకు అదే ఏడాది బ్రూటన్ మరో ఉపాయం ఇచ్చాడు. నిచ్చెనలోని ప్రతి భాగాన్నీ ఒకే గణిత పరిమాణంతో భాగించి, ఇండక్టర్లను రెసిస్టర్లుగా మార్చడం ఆ ఉపాయం.

గొలుసు బడి చెప్పేది కూడా నిజమే. నిచ్చెన అనుకరణలో భాగాలన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి, తప్పు ఎక్కడుందో వెతకడం కష్టం. మూడో నాలుగో అంతస్తులకు గొలుసు చాలు. ఏడో అంతస్తు, నిటారు కోత, సవరించే వీలు లేని ఉత్పత్తి అయితే నిచ్చెన శ్రమకు ఫలితం దక్కుతుంది.

చిప్ లోపలికి వెళ్ళాక

చిప్ మీద కథ మళ్ళీ మారుతుంది. అక్కడ ఒక రెసిస్టర్ విలువ అనుకున్నదానికి 20 శాతం దాకా తేడాగా రావచ్చు, కెపాసిటర్ కూడా తన వంతు తప్పుతుంది. రెండూ కలిస్తే 1,000 హెర్ట్జ్ అనుకున్న ఫిల్టర్ 700 దగ్గరో 1,400 దగ్గరో వంగవచ్చు. కానీ పక్కపక్కన గీసిన రెండు కెపాసిటర్ల నిష్పత్తి మాత్రం శాతంలో చిన్న భిన్నం దాకా కచ్చితంగా వస్తుంది. క్యూ నిష్పత్తి కాబట్టి నిలుస్తుంది. పౌనఃపున్యం లబ్ధం కాబట్టి చెదురుతుంది.

దీనికి 1977 ప్రాంతంలో వచ్చిన పరిష్కారం స్విచ్డ్ కెపాసిటర్. చిన్న కెపాసిటర్‌ను ఒక స్విచ్‌తో అటూ ఇటూ మారుస్తుంటే, అది ప్రతి మార్పుకూ కొంత విద్యుదావేశాన్ని మోసుకెళుతుంది. అంటే రెసిస్టర్‌లా ప్రవర్తిస్తుంది. 1 పికోఫారడ్ కెపాసిటర్‌ను సెకనుకు లక్ష సార్లు మార్చితే అది 1 కోటి ఓమ్‌ల రెసిస్టర్‌కు సమానం. ఇప్పుడు పౌనఃపున్యం కూడా కెపాసిటర్ల నిష్పత్తి మీద, గడియార స్పందనల మీద ఆధారపడుతుంది. రెండూ కచ్చితమైనవే. రెండో పరిష్కారం అసలు యాక్టివ్ ఆర్‌సీనే ఉంచి, కెపాసిటర్‌ను చిన్న చిన్న ముక్కల వరుసగా గీసి, చిప్ ఆన్ కాగానే క్రిస్టల్ గడియారంతో పోల్చుకొని ఎన్ని ముక్కలు కలపాలో తానే నిర్ణయించుకునేలా చేయడం. మొబైల్ ఫోన్ల రిసీవర్ చిప్‌లలో ఈ రెండో పద్ధతి విరివిగా వాడుకలో ఉంది.

అంతా డిజిటల్ అయిన కాలంలో ఇదంతా ఎందుకు అని అడిగేవారున్నారు. వారి ప్రశ్నలో బలం ఉంది. డిజిటల్ ఫిల్టర్‌కు భాగాల దోషం లేదు, వయసు లేదు, ఎంత నిటారైన కోతైనా సాధ్యం. కానీ సంకేతాన్ని అంకెలుగా మార్చే ముందు ఒక ద్వారపాలకుడు కావాలి. టెలిఫోను మాటను సెకనుకు 8,000 సార్లు కొలుస్తారు. ఆ కొలతల్లో 5,000 హెర్ట్జ్ స్వరం 3,000 హెర్ట్జ్ స్వరంలా కనిపిస్తుంది. ఒకసారి కలిసిపోయాక ఏ లెక్కా వాటిని విడదీయలేదు. ఎక్కువ వేగంతో కొలిచే డెల్టా-సిగ్మా పద్ధతి ఈ భారాన్ని బాగా తగ్గించింది. చాలా చోట్ల ముందర ఒక్క రెసిస్టర్, ఒక్క కెపాసిటర్ చాలుతున్నాయి. కానీ ఆ డెల్టా-సిగ్మా మార్పిడి యంత్రాల్లోనే ఒక రకంలో, లోపలి వలయం యాక్టివ్ ఆర్‌సీ ఇంటిగ్రేటర్లతోనే కట్టి ఉంటుంది.

ఇంకో హద్దును సాంకేతిక ప్రగతి కదపలేకపోయింది. రెసిస్టర్‌లోని ఎలక్ట్రాన్ల ఉష్ణ చలనం వల్ల కెపాసిటర్ మీద ఎప్పుడూ కొంత రొద ఉంటుంది. దాని పరిమాణాన్ని ఉష్ణోగ్రత, కెపాసిటర్ విలువ మాత్రమే నిర్ణయిస్తాయి, రెసిస్టర్ విలువ కాదు. గది ఉష్ణోగ్రత దగ్గర 1 పికోఫారడ్ మీద అది సుమారు 64 మైక్రోవోల్టులు. 6.4కు తగ్గించాలంటే కెపాసిటర్‌ను వంద రెట్లు, 100 పికోఫారడ్‌కు పెంచాలి. ట్రాన్సిస్టర్లు తరతరానికీ కుంచించుకుపోతున్నా, నాణ్యమైన అనలాగ్ ఫిల్టర్ ఉన్న చిప్ చిత్రాన్ని చూస్తే కెపాసిటర్లు విశాలమైన చతురస్రాలుగా పరుచుకొని కనిపించడం అందుకే.